గిన్నె నిండిందని జాడీని పారవేయవచ్చునా?

మొన్న వేసవిలో ట్రాయ్ నగరంలోని ఒక మిత్రుని ఇంట సంఘం పనుల నిమిత్తం కొందరము సమావేశమైనప్పుడు, బేస్‌మెంటులో ఒక మూల పేర్చిన నాలుగు అట్టపెట్టెలు నా కంటబడ్డాయి. మూత తీసి చూస్తే వి.హెచ్.ఎస్. టేపులు, ఆడియో క్యాసెట్లు. కొన్నింటి మీద "ఉగాది", "దీపావళి", "పిల్లల నాటిక" అని తెలుగులో చేతివ్రాత. సిరా వెలిసిపోయింది కాని అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. "ఇవన్నీ ఇంటర్నెట్టులో ఎక్కించేశాము కదండీ, ఇక ఈ డబ్బాలు ఎందుకు? వచ్చే వారం చెత్తబండి వచ్చినప్పుడు బయట పెట్టేద్దాము" అన్నారు మిత్రులు. అక్కడున్న పదిమందిలో ఎవరికీ అది అభ్యంతరకరంగా తోచలేదు. నేను మాత్రము ఒక నెల గడువు అడిగాను. ఆ నెల రోజుల ఆలోచన ఫలితమే ఈ వ్యాసం.

నేను చెప్పదలచుకొన్నది ఒక్కటే మాట. ఇంటర్నెట్టులో ప్రసారం కోసం తయారుచేసిన ఫైలు, చూడడానికి పనికివచ్చే ప్రతి మాత్రమే. అది దాచుకోదగిన ప్రతి కాదు. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోవడం వలన ప్రవాసాంధ్రుల తొలి తరం గొంతులనూ, రూపాలనూ మనము మన చేతులతోనే పోగొట్టుకొంటున్నాము.

రెండు ప్రతులు, రెండు ధర్మాలు

మన ఇళ్ళలో ఆవకాయను జాడీలో పెట్టి, వాసెన కట్టి, అటక మీదనో చల్లని మూలనో భద్రపరచడం ఆచారం. భోజనాల వేళ అందులోనుండి కొంచెం గిన్నెలోకి తీసి వడ్డిస్తాము. గిన్నె చేతికి అందుబాటులో ఉండాలి, తేలికగా ఉండాలి. జాడీ చెమ్మ తగలకుండా ఉండాలి. గిన్నె నిండింది కదా అని జాడీని పెరట్లో పారబోసిన ఇల్లాలు ఎక్కడైనా ఉన్నదా?

శబ్దానికీ దృశ్యానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. టేపునుండి సాధ్యమైనంత సంపూర్ణంగా తీసిన ఫైలు జాడీ. దానిని మూలప్రతి అందాము. దానినుండి సంపాదక ప్రోగ్రాములో "ఎక్స్‌పోర్ట్" అనే మీట నొక్కి, ఇంటర్నెట్టులో ధారగా ప్రవహించడానికి అనువుగా కుదించి తీసిన చిన్న ఫైలు గిన్నె. దానిని వడ్డన ప్రతి అందాము. మూలప్రతినుండి ఎన్ని వడ్డన ప్రతులైనా తీయవచ్చు. వడ్డన ప్రతినుండి మూలప్రతిని తిరిగి రాబట్టడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు.

కుదింపులో ఏమి పోతుంది?

ఎందుకు సాధ్యం కాదో కొంచెం లెక్క వేసి చూద్దాము. కాంపాక్ట్ డిస్కు ప్రమాణం ప్రకారం ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతకు 16 బిట్లు, రెండు చానళ్ళు. అంటే సెకనుకు 14,11,200 బిట్లు. గంటసేపు కచేరీకి సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. అదే కచేరీని 128 కిలోబిట్ల ఎం.పి.3 ఫైలుగా మారిస్తే పదకొండో వంతుకు దిగుతుంది. దృశ్యం సంగతి ఇంకా పెద్దది. వి.హెచ్.ఎస్. టేపును ఏ కుదింపూ లేకుండా కంప్యూటరులోకి తీసుకొంటే గంటకు దాదాపు 75 గిగాబైట్లు. ఇంటర్నెట్టు ప్రసారానికి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున కుదిస్తే ఒక గిగాబైటు కూడా కాదు. అంటే సుమారు ఎనభై పాళ్ళలో ఒక పాలు మిగులుతుంది.

ఇంత తగ్గినా మన కంటికీ చెవికీ పెద్దగా తేడా తెలియకపోవడం ఈ శాస్త్రం సాధించిన ఘనత. దానికి పునాది 1974 జనవరిలో ఐ.ఇ.ఇ.ఇ. కంప్యూటర్ల పత్రికలో వెలువడిన ఒక చిన్న వ్యాసం. దాని రచయితలు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు. కె.ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహన రావు. టెక్సస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఆచార్యులుగా పనిచేశారు. తెలుగు చెవికి సుపరిచితమైన ఆ ఇంటిపేరు నేటి ప్రపంచంలోని ప్రతి వీడియో వెనుకా ఉన్నదన్న విషయం మన పిల్లలకు చెప్పదగినది. నాసిర్ అహ్మద్ ఈ ఆలోచనతో ధనసహాయం కోరగా జాతీయ విజ్ఞాన సంస్థ నిరాకరించినదన్న విషయం కూడా చెప్పదగినదే.

వారు ప్రతిపాదించిన కొసైన్ పరివర్తనం చిత్రాన్ని చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడినీ కొన్ని తరంగాల మొత్తంగా వ్రాస్తుంది. నెమ్మదిగా మారే తరంగాలు చిత్రానికి ప్రాణం. అతిసూక్ష్మమైనవి కంటికి అంతగా ఆనవు. కనుక వాటి విలువలను స్థూలంగా సవరిస్తారు, లేదా సున్న చేస్తారు. ధ్వనిలోనూ దీని రూపాంతరమే పనిచేస్తుంది. ఊరేగింపులో డోలు మోగుతున్నప్పుడు పక్కవారి గుసగుస వినబడదు కదా? అట్లా పెద్ద శబ్దం చాటున మరుగుపడే చిన్న శబ్దాలను ఎం.పి.3 వంటి పద్ధతులు విడిచిపెడతాయి.

ఇక్కడ గమనించవలసినది "సున్న" అనే మాట. గుండ్రంగా సవరించిన అంకె మొదట ఎంత ఉండేదో తరువాత చెప్పగలవారు లేరు. రసాయన శాస్త్ర పరిభాషలో ఇది ఏకదిశా చర్య, తిరోగమనం లేదు. పైగా ఒకసారి కుదించిన దానిని మరల కుదిస్తే నష్టం మీద నష్టం పేరుకొంటుంది. యూట్యూబు వంటి వేదికలు మనము ఏ ఫైలు పంపినా దానిని తమ పద్ధతిలో మరల కుదిస్తాయి. అక్కడినుండి దించుకొన్న ప్రతిని వాట్సాపులో పంపితే అది మూడవ కుదింపు.

నేను చేసిన పొరపాటు

ఇది ఇతరులకు నీతి చెప్పడం కోసం వ్రాస్తున్నది కాదు. ఈ తప్పు మొదట చేసినవాడిని నేనే. మా అమ్మమ్మ "ఏడు చేపల కథ" చెబుతుండగా మా మేనమామ ఒకప్పుడు క్యాసెట్టు మీద రికార్డు చేశాడు. 2006లో నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ క్యాసెట్టు నా వద్దకు వచ్చింది. చుట్టాలందరికీ పంపాలన్న ఉత్సాహం కలిగింది. నా ఈమెయిలుకు 10 మెగాబైట్లకు మించి జోడించడానికి వీలులేదు. అందుచేత అరగంట కథను 32 కిలోబిట్లకు కుదించి, 7 మెగాబైట్ల ఫైలు చేసి పంపాను. అందరూ విని సంతోషించారు. మరుసటి సంవత్సరం ఇల్లు మారేటప్పుడు "ఫైలు ఉన్నది కదా" అని క్యాసెట్టును చెత్తలో వేశాను. అమ్మమ్మ 2009లో కాలం చేసింది.

మూడేళ్ళ క్రితం మా అమ్మాయి తెలుగు అక్షరాలు దిద్దుకొంటూ ఆ కథ విన్నది. విని, "తాతమ్మ 'స' అంటున్నదా, 'శ' అంటున్నదా?" అని అడిగింది. నేను రెండుమూడు సార్లు విన్నాను. నాకూ తెలియలేదు. కారణం తరువాత గ్రహించాను. ఫైలు చిన్నది కావాలని సెకనుకు 11,025 కొలతలు మాత్రమే ఉంచాను. కొలతల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్యం ఏదీ అట్టి ఫైలులో నిలవదు. అంటే 5,500 హెర్ట్జ్‌కు పైనున్నదంతా పోయింది. స్త్రీ కంఠంలో సకారపు బలం చాలావరకు ఆ పైభాగంలోనే ఉంటుంది. అమ్మమ్మ సకారాన్ని 7 మెగాబైట్ల కోసం నేనే కత్తిరించాను. క్యాసెట్టు ఉండి ఉంటే ఒక మధ్యాహ్నం కూర్చుని సరిదిద్దుకోగలిగేవాడిని.

టేపు కూడా శాశ్వతం కాదు

అయితే డబ్బాలను అట్లాగే ఉంచితే చాలునా? చాలదు. టేపు అనేది ఒక రసాయన పదార్థం. పాలియెస్టరు పొర మీద కోబాల్టు కలిపిన ఇనుప ఆక్సైడు రేణువులను ఒక జిగురుతో అంటిస్తారు. ఆ జిగురు సాధారణంగా పాలియెస్టర్ యూరిథేను. అందులోని ఎస్టరు బంధాలు గాలిలోని తేమతో నెమ్మదిగా తెగి, ఆమ్లము, ఆల్కహాలు ఏర్పడతాయి. ఏర్పడిన ఆమ్లము అదే చర్యను మరింత వేగిరపరుస్తుంది. చెమ్మ తగిలిన నెయ్యి కొంతకాలానికి చెడు వాసన వేయడంలో జరిగేది కూడా ఈ తరగతి చర్యయే. జిగురు మెత్తబడిన టేపు యంత్రపు తలకు అంటుకొని, పొరలు పొరలుగా రాలుతుంది. రాలిన రేణువులతోపాటే రికార్డు అయినదీ పోతుంది.

మిచిగన్ బేస్‌మెంట్లు వేసవిలో ఎంత చెమ్మగా ఉంటాయో మనకు తెలిసినదే. అక్కడ టేపులను దాచడం నెయ్యిని మూత లేకుండా ఉంచడం వంటిది. దీనికి తోడు యంత్రాల కొరత. లోకంలో మిగిలిన చివరి వి.సి.ఆర్. ఉత్పత్తిదారైన జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో తయారీ ఆపివేసింది. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే ఒక హెచ్చరిక చేసింది: 2025 నాటికి డిజిటలుగా మార్చని అయస్కాంత టేపులలో చాలావరకు శాశ్వతంగా చేజారగలవని. ఆ గడువు వచ్చేసింది.

కనుక కర్తవ్యం రెండు విధాలు. టేపు బాగుండగానే దానినుండి మూలప్రతి తీయాలి. ఆ తరువాత మూలప్రతినుండి వడ్డన ప్రతిని ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఈ క్రమాన్ని తారుమారు చేయరాదు.

మూలప్రతి తీసే విధము

ఆడియోకు అంతర్జాతీయ శబ్ద భాండాగారాల సంఘం కనీసం 48,000 కొలతలు, 24 బిట్లు ఉండాలని, 96,000 కొలతలైతే మేలని సిఫారసు చేస్తున్నది. దానిని కుదింపు లేని వేవ్ ఫైలుగా దాచవచ్చు. స్థలం కలిసిరావాలంటే 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఉన్నది. అది పరిమాణాన్ని తగ్గిస్తుంది కాని ఒక్క బిట్టును కూడా పోగొట్టదు. బట్టలను మడిచి పెట్టెలో పెట్టడం వంటిది అది, కత్తిరించడం కాదు. దృశ్యానికి అట్టి పద్ధతి ఎఫ్.ఎఫ్.వి.1. 2021లో దానికి అంతర్జాల ప్రమాణ పత్రం కూడా వెలువడింది. ఇవి రెండూ ఎవరికీ రుసుము చెల్లించనవసరం లేనివి.

ఇండియానుండి వచ్చిన పెళ్ళి టేపుల విషయంలో ఒక జాగ్రత్త. అక్కడి పాల్ పద్ధతిలో 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. ఇక్కడి ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో 525 గీతలు, దాదాపు 30 చిత్రాలు. పాల్ టేపును పాల్‌గానే తీయాలి. ఇక్కడి పద్ధతికి మార్చి తీస్తే మూలంలో లేని చిత్రాలు కల్పితమై చేరతాయి. తెల్లని బూజు కనిపించే టేపును మాత్రం ఇంట్లో యంత్రంలో పెట్టవద్దు. ఆ పని తెలిసినవారికి అప్పగించండి.

వడ్డన ప్రతి తీసే విధము

ఇక ఇంటర్నెట్టు ప్రతి. నేటికి అన్ని ఫోనులలోనూ, టీవీలలోనూ ఆడేది ఎం.పి.4 పెట్టెలో హెచ్.264 దృశ్యము, ఎ.ఎ.సి. ధ్వని. ఇంతకంటె పొదుపైన కొత్త పద్ధతులున్నా, తాతగారి పాత ట్యాబ్లెట్టులో కూడా ఆడాలంటే ఇదే క్షేమం.

మొదటిది, పాత టేపులలో చిత్రం సంపూర్ణంగా ఉండదు. సెకనుకు సుమారు 60 అర్ధచిత్రాలు ఉంటాయి. ఒక దానిలో సరి గీతలు, మరొక దానిలో బేసి గీతలు. ఈ జంటలను విడదీసేటప్పుడు చాలా ప్రోగ్రాములు సగం సమాచారాన్ని వదిలి 30 చిత్రాలు చేస్తాయి. ఉపన్యాసానికి అది చాలును. కాని కూచిపూడి తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలిచిన నర్తకి పాదాల కదలికలో సగం మాయమవుతుంది. నృత్యానికి 60 చిత్రాలు ఉండేట్లు ఎంచుకోండి.

రెండవది, ఆ కాలపు చిత్రం 4:3 నిష్పత్తిలోనిది. ఇప్పటి వెడల్పు తెరను నింపాలని సాగదీస్తే అందరూ పొట్టిగా, లావుగా కనబడతారు. రెండు పక్కలా నల్లని ఖాళీ ఉండనివ్వండి.

మూడవది, మృదంగం దెబ్బ, తాళాల మోత వంటి ఆకస్మిక శబ్దాలు తక్కువ బిట్లలో చెదిరిపోతాయి. దెబ్బకు ముందే ఒక మసక శబ్దం వినబడుతుంది. సంగీతానికి కనీసం 192 కిలోబిట్లు ఇవ్వండి.

నాలుగవది, సంఘం సొంత వెబ్‌సైటులో పెట్టే ఫైలుకు సంబంధించినది. ఎం.పి.4 ఫైలులో ఏ చిత్రం ఎక్కడున్నదో చెప్పే సూచిక ఒకటి ఉంటుంది. ఫైలు పూర్తి అయిన తరువాతనే అది సిద్ధమవుతుంది కనుక తరచుగా చివరన పడుతుంది. విషయసూచిక చివరి పుటలో ఉన్న గ్రంథం వలె, మొత్తం చేతికి వస్తే గాని తెరవడానికి వీలు కుదరక చూచేవారు వేచి ఉండవలసివస్తుంది. హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత ప్రోగ్రాములలో "వెబ్ ఆప్టిమైజ్డ్" అనే చిన్న గడిలో గుర్తు పెడితే సూచిక ముందుకు వస్తుంది, బొమ్మ వెంటనే ఆడుతుంది.

యూట్యూబు వంటి వేదికకు పంపేటప్పుడు వీలైనంత మంచి ప్రతినే పంపాలి. ఎట్లాగూ వారు కుదిస్తారు కదా అని మనము ముందుగా కుదించి పంపితే నష్టం రెట్టింపు అవుతుంది.

ఇంటర్నెట్టు భోషాణం కాదు

"అంత పెద్ద కంపెనీ దగ్గర ఉన్నది, పోతుందా?" అని అడిగేవారున్నారు. పోయిన సందర్భాలున్నాయి. మైస్పేస్ అనే వేదిక ఒకప్పుడు లోకప్రసిద్ధం. 2003 నుండి 2015 వరకు జనం ఎక్కించిన సుమారు 5 కోట్ల పాటలు సర్వర్ల మార్పిడిలో పోయినట్లు 2019లో బయటపడింది. 1995లో వచ్చిన రియల్‌ఆడియోలో ఎన్నో రేడియో కార్యక్రమాలు వెలువడ్డాయి. నేడు ఆ ఫైళ్ళు తెరవడమే ఒక పని. ఫ్లాష్ అనే పద్ధతికి 2020 డిసెంబరు 31తో నూకలు చెల్లాయి. సినిమా పాటకు పిల్లలు నృత్యం చేసిన వీడియోలో హక్కుల కారణంగా ధ్వని మూగబోవడం మనలో చాలామందికి అనుభవమే. ఆ వేదికలను నిందించడం నా ఉద్దేశం కాదు. వారు వడ్డించడానికి కూర్చున్నవారు, దాచిపెట్టే బాధ్యత వారిది కాదు. అది మనది.

మరికొందరు "ఇవన్నీ దాచి ఎవరు చూస్తారు? ఖర్చు దండుగ" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఎఫ్.ఎఫ్.వి.1లో గంటకు సుమారు 35 గిగాబైట్లు అనుకొంటే, నూరు గంటల రికార్డింగులు 3.5 టెరాబైట్లు. పుస్తకమంత పరిమాణం గల ఒకే హార్డు డిస్కులో పడతాయి. అట్టివి రెండు కొని, ఒకటి ట్రాయ్‌లో, మరొకటి వేరే ఊరిలో, మూడవ ప్రతి ఏదైనా క్లౌడు సేవలో ఉంచితే చాలును. మన వార్షిక విందులో ఒక తీపి వంటకానికి అయ్యే ఖర్చుతో డిస్కులు వస్తాయని నా నమ్మకం. అసలు ఖర్చు డబ్బు కాదు, మనుషుల సమయం. టేపు ఎంతసేపు ఉంటే అంతసేపు కూర్చుని తీయవలసిందే. అందుచేత అన్నీ ఒకేసారి కాదు. ఇక లేని పెద్దల గొంతులున్నవి ముందు. మరెక్కడా దొరకని నాటకాలు, అవధానాలు, ఉపన్యాసాలు తరువాత. సినిమా పాటల అనుకరణలు చివర.

ఒక సంగతిలో మాత్రము తొందరపాటు తగదు. మూలప్రతి అన్నింటికీ తీయవచ్చు, కాని అన్నింటినీ లోకానికి చూపనవసరం లేదు. ఆనాడు వేదిక మీద పద్యం మరచిపోయి ఏడ్చిన చిన్నవాడు ఈనాడు నలభై ఏళ్ళ వైద్యుడై ఉండవచ్చు. వారిని అడిగి, ఒప్పుకొంటేనే ఎక్కించడం మర్యాద.

ఈ మాటలు పాత టేపులకే పరిమితం కావు. 2005లోనూ, 2015లోనూ డిట్రాయిట్‌లో, 2025లో సమీపంలోని నోవైలో జరిగిన తానా మహాసభలకు మనలో ఎందరో వెళ్ళారు, ఎన్నో చిత్రీకరించారు. మన ఇళ్ళలోని ఆ ప్రతులలో చాలావరకు నేడు వాట్సాపులో వచ్చిన చిన్న తునకలే. తీసినవారి ఫోనులోనో, కెమెరాలోనో అసలు ఫైలు ఉండగానే అడిగి తీసుకోవడం మంచిది. ఫోను మార్చిన తరువాత అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లవుతుంది.

1965 వలస చట్టం తరువాత ఈ ప్రాంతానికి వచ్చిన తెలుగువారు ఇక్కడి మంచులో తమ భాషను ఎట్లా మాట్లాడారో, ఏ యాసలో నవ్వారో చెప్పే ఆధారాలు ప్రభుత్వ గ్రంథాలయాలలో లేవు. మన బేస్‌మెంట్లలోని అట్టపెట్టెలలో ఉన్నాయి. నేను అడిగిన నెల గడువు ముగిసింది. ఆ నాలుగు పెట్టెలూ ప్రస్తుతం మా ఇంటి మేడ మీద, పొడిగా ఉండే అలమరలో ఉన్నాయి. శనివారం మధ్యాహ్నాలు ఒక్కొక్క టేపు చొప్పున తీస్తున్నాము. మా అమ్మాయి టేపుల మీది చేతివ్రాతను కూడబలుక్కొని చదివి పట్టిక వ్రాస్తున్నది. పని చేసే వి.సి.ఆర్. గలవారు, ఓపిక గలవారు, ఆనాటి వేదిక మీది ముఖాలను గుర్తుపట్టి పేర్లు చెప్పగల పెద్దలు వచ్చి కూర్చోవలసిందిగా మనవి. యంత్రం బొమ్మను మాత్రమే చూపగలదు. ఆ బొమ్మలో ఉన్నది ఎవరో మీరే చెప్పాలి.